విన్నవారి సాక్ష్యం: భాషా సాంస్కృతిక శాఖకు స్టేషన్ ఘన్‌పూర్ నుంచి ఒక బహిరంగ లేఖ

తెలంగాణ రాష్ట్ర భాషా సాంస్కృతిక శాఖ సంచాలకులవారికి,

తెలంగాణ ప్రజల పాటను, ఆటను, కథాగానాన్ని కాపాడే బాధ్యత తమ శాఖ మీద ఉన్నందున, ఆ బాధ్యతలో ఇంతవరకు తగినంత చోటు దక్కని ఒక అంశాన్ని తమ దృష్టికి తేవడం ఈ లేఖ ఉద్దేశం. ఒగ్గుకథ గురించి గాని, చిందు భాగవతం గురించి గాని పుస్తకం తెరిస్తే, పాడినవారి పేరు, ఊరు, వంశం, పట్టిన వాద్యం, చెప్పిన కథ, పొందిన బిరుదు అన్నీ కనిపిస్తాయి గాని, ఆ రాత్రి ఆ పందిట్లో కూర్చుని విన్నవారికి ఏమనిపించిందో, తెల్లవారిన తర్వాత వారు ఒకరితో ఒకరు ఏమనుకున్నారో చెప్పే వాక్యం దాదాపుగా కనిపించదు. పాడేవారూ వినేవారూ కలిస్తేనే ప్రదర్శన జరుగుతుంది గనుక, విన్నవారి మాటను వదిలి రాసిన చరిత్ర సగమే అవుతుందని, మిగిలిన సగాన్ని చెప్పగలవారు బతికి ఉండగానే దాన్ని సేకరించాలని ఈ లేఖ వాదిస్తున్నది.

ఈ విన్నపం స్టేషన్ ఘన్‌పూర్ నుంచి రావడానికి తగిన కారణం ఉన్నది. కాజీపేట–సికింద్రాబాద్ రైలు మార్గం మీద, వరంగల్–హైదరాబాద్ రహదారి పక్కన ఉన్న ఈ పట్టణం 2016 వరకు వరంగల్ జిల్లాలో ఉండి, ఆ తర్వాత జనగామ జిల్లాలో చేరింది. అయితే పాట విషయంలో జిల్లా గీతలకు పెద్ద విలువ లేదు. పాలకుర్తి, బమ్మెర, చిల్పూరు గుట్ట, జఫర్‌గఢ్, ఐనవోలు, పడమటి వైపు కొమురవెల్లి, ఈ ఊళ్ల నడుమ కథకుల బృందాలు తరతరాలుగా తిరుగుతూ వచ్చాయి గనుక, ఒక ఊరి వారు విన్న గొంతును పక్క ఊరి వారూ విని, ఇద్దరూ కలిసినప్పుడు పోల్చి చూసుకునే వీలు ఇక్కడ ఎప్పుడూ ఉన్నది. ఒగ్గుకథకు రాష్ట్రం బయట కూడా పేరు తెచ్చి, సంగీత నాటక అకాడమీ పురస్కారం అందుకున్న చుక్క సత్తయ్య (1935–2017) ఊరు మాణిక్యాపురం. అది లింగాల ఘన్‌పూర్ మండలంలోనిది, స్టేషన్ ఘన్‌పూర్ మండలం వేరు, కాని రెండూ ఇప్పుడు ఒకే జిల్లాలోనివి. చిందు యక్షగానానికి 2024లో పద్మశ్రీ పొందిన గడ్డం సమ్మయ్య కూడా ఈ జిల్లావారే, దేవరుప్పుల మండలం అప్పిరెడ్డిపల్లె ఆయన ఊరు. ఇంత దగ్గరలో ఇంతటి కళాకారులు ఉన్నచోట, వారిని విన్న చెవులు కూడా అంతే సాధన కలిగినవై ఉంటాయని ఒప్పుకోవడం న్యాయం.

ఈ రూపాలతో పరిచయం లేని చదువరుల కోసం కొంత వివరణ అవసరం. ఒగ్గు అంటే శివుని డమరుకాన్ని పోలిన చిన్న వాద్యం. దాన్ని పట్టి మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మల కథలు చెప్పేవారే ఒగ్గువారు, వీరు కురుమ, గొల్ల కుటుంబాలకు పూజారులుగా కూడా వ్యవహరిస్తారు. మల్లన్నకు పట్నం వేసినప్పుడు, అంటే పసుపు, కుంకుమ, పిండి, ఆకుపొడి వంటి రంగు పొడులతో నేల మీద పెద్ద ముగ్గు పరిచి దేవుణ్ణి అందులోకి పిలిచినప్పుడు, ఆ ముగ్గు ముందు కథ నడుస్తుంది. ప్రధాన కథకుడు ఒక మాట అందుకోగానే, వంత, అనగా ఆ మాటకు ప్రశ్న వేస్తూ, పల్లవి తిప్పుతూ, అవసరమైతే ఇంకో పాత్రగా మారుతూ తోడు నడిచే రెండో కథకుడు, దాన్ని ముందుకు తీసుకుపోతాడు. డోలు, తాళాలు దరువు, అంటే అడుగుకు తగిన లయ, కడతాయి. చిందు భాగవతులు మాదిగలకు ఆశ్రితులైన కళాకారులు, వేషం కట్టి రాత్రంతా ఆడతారు. ఏ కుటుంబం ఏయే ఊళ్లలో ఆడాలో నిర్ణయించే వంశపారంపర్య హక్కును మిరాసి అంటారు. బైండ్లవారు జమిడిక వాయిస్తూ ఎల్లమ్మను కొలుస్తారు, శారదకాండ్రు శారద అనే తంతి వాద్యం మీటుతూ వీరుల కథలు పాడతారు. ఇవన్నీ టికెట్టు కొని చూసేవి కావు; కొలుపుకో, మొక్కుకో, చావుకో, పండుగకో ఊరి బతుకులో భాగంగా వచ్చేవి.

ఈ రాత్రులు ముగిసిన తర్వాత నడిచే మాటలే ఈ లేఖకు ముఖ్యం. మరునాడు నాట్ల దగ్గర, చాయ్ హోటల్ దగ్గర, రైలు కోసం ఎదురుచూసే బల్ల మీద, విన్నవారు తాము విన్నదాన్ని మళ్లీ విప్పి చూసుకుంటారు. కథ బాగా నడిచిందా, ఎక్కడో నిలిచిపోయిందా, వంత సరిగ్గా అందించాడా, దరువు గొంతును మింగేసిందా, పోయిన ఏడు వచ్చిన బృందం ఇదే ఘట్టాన్ని ఎంతసేపు చెప్పింది, ఈసారి ఎందుకు తొందరగా ముగించారు, ఇటువంటి ప్రశ్నలు వారి సంభాషణలో తప్పకుండా వస్తాయి. ఒక కథకుడి గురించి "ఏడిపించిండు" అన్నారంటే అంతకు మించిన మెచ్చుకోలు లేదు. "అక్షరాలు అప్పజెప్పిండు" అన్నారంటే కథ తెలుసు గాని ప్రాణం పోయలేదని అర్థం. కథ మధ్యలో వినేవారు ఇచ్చే డబ్బును ఇచ్చినవారి పేరుతో సహా అందరికీ వినిపించేలా ప్రకటించే చదివింపు కూడా ఒక తీర్పే, ఎందుకంటే ఏ ఘట్టం దగ్గర చదివింపులు పెరిగాయో చూస్తే ఆ ఊరి మనసు ఎక్కడ కదిలిందో తెలుస్తుంది. ఇంత సూక్ష్మమైన విమర్శను విమర్శగా గుర్తించకపోవడానికి, అది కాగితం మీద లేకపోవడం తప్ప వేరే కారణం కనిపించదు.

కాగితం మీదికి ఎక్కిన సందర్భం మన సాహిత్యంలో లేకపోలేదు, అదీ ఓరుగల్లు గడ్డ మీదనే. 15వ శతాబ్దానికి చెందినదిగా భావించే క్రీడాభిరామం అనే వీథి నాటకాన్ని వినుకొండ వల్లభరాయడు రాశాడని దాని పీఠిక చెబుతుండగా, అది శ్రీనాథుని రచన అని వాదించినవారూ ఉన్నారు. కర్తృత్వం ఏదైనా, రావిపాటి త్రిపురాంతకుని సంస్కృత రచన ప్రేమాభిరామం దీనికి మూలం. ఇందులో గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు మిత్రులు కాకతీయుల నాటి ఓరుగల్లు వీధుల్లో తిరుగుతూ, కంటికి కనిపించినదాన్ని, చెవికి వినిపించినదాన్ని ఒకరికొకరు చెప్పుకుంటారు. ఒకచోట ఒక స్త్రీ పల్నాటి వీరుల కథ పాడుతుండగా వారు ఆగుతారు. ఆ పద్యం చెప్పే సంగతులు ఎన్నో గమనించదగినవి: తాళం వేగమైనదని, వాద్యం ఏ ధ్వనులు పలికిందని, పాట ద్విపదలో, అంటే రెండేసి పాదాల దేశి ఛందస్సులో, ఉన్నదని, యతి కుదిరిందని, పాడేది ఆడమనిషి అని, ఆమె నోట పలికే ప్రతి అక్షరానికీ యువకులు కేకలు పెడుతూ ఊగిపోతున్నారని ఆ ఒక్క పద్యంలోనే ఉన్నది. పాటతో పాటు శ్రోతల స్పందనను కూడా పట్టుకున్నందువల్లనే ఆ రాతకు ఇంత విలువ వచ్చింది. వినేవారిని వదిలేసి ఉంటే, ఓరుగల్లులో పల్నాటి కథ పాడేవారట అన్న పొడి సమాచారం మాత్రమే మనకు మిగిలేది.

ఆ మిత్రులే ఏకవీరాదేవి ఎదుట నిలబడి పరశురాముని కథలు పాడిన బవనీల గాయకుణ్ణి కూడా విని, అతని వాద్య నైపుణ్యాన్ని, పాటలోని ప్రౌఢిమను మెచ్చుకుంటారు. ఏకవీర అంటే రేణుక, తెలంగాణ ఊళ్లలో ఎల్లమ్మ. బవనీలు అన్నది బైండ్లవారికే మరో పేరని, వారు నేటికీ వాయించే జమిడిక నాటి జముకు అనే వాద్యానికి వారసురాలని పరిశోధకులు భావిస్తారు. వరంగల్ సమీపంలోని మొగిలిచెర్లలో ఏకవీర గుడి నేటికీ ఉన్నది, ఎల్లమ్మ పండుగలలో జమిడిక నేటికీ మోగుతున్నది. ఆరు వందల ఏళ్ల కిందటి శ్రోత ఏమన్నాడో చదవగలిగిన తెలుగువారికి, ఆరు నెలల కిందట స్టేషన్ ఘన్‌పూర్ మండలంలోని ఒక పల్లెలో అదే వాద్యాన్ని విన్న శ్రోత ఏమన్నాడో తెలియకపోవడం తీరని లోటు.

పాలకుర్తివాడైన సోమనాథుడు మరో దారి చూపాడు. పండితారాధ్య చరిత్రలోని పర్వత ప్రకరణంలో, శివరాత్రికి శ్రీశైలం వెళ్లే భక్తజనం పాడుకునే పాటలను తుమ్మెద పదాలు, ప్రభాత పదాలు, పర్వత పదాలు, ఆనంద పదాలు, శంకర పదాలు, నివాళి పదాలు, వాలేసు పదాలు, గొబ్బి పదాలు, వెన్నెల పదాలు అని పేరుపేరునా నమోదు చేశాడు. పండితుల దృష్టికి అందని పాటలను ఒక కవి వినదగినవిగా ఎంచి వాటి పేర్లు రాసిపెట్టినందువల్ల ఆ పేర్లు నిలిచాయి. వాటి వరుసలు, అంటే పాడే బాణీలు, నిలవలేదు. ఏ పదం వింటే జనం ఎలా కదిలారో కూడా ఆయన చెప్పి ఉంటే, తుమ్మెద పదానికీ వెన్నెల పదానికీ వినికిడిలో ఉన్న తేడా ఈనాటి పరిశోధకులకు ఊహకు వదిలిన విషయంగా మిగిలేది కాదు.

శ్రోతల మాట లేకపోతే చరిత్ర ఎంత తడుముకోవలసి వస్తుందో సర్వాయి పాపన్న కథ చూపుతుంది. మొగలుల అధికారాన్ని ఎదిరించి, ఖిలాషాపూర్‌లో కోట కట్టి, వరంగల్ పట్టణాన్ని కొల్లగొట్టి, 1710లో మరణశిక్షకు గురైన పాపన్నకు స్టేషన్ ఘన్‌పూర్ మండలంలోని తాటికొండలో కూడా కోట ఉన్నది. ఆయన గురించి మనకు రెండు రకాల ఆధారాలు ఉన్నాయి: ఒకటి ఖాఫీఖాన్ పారసీ చరిత్ర, అది ఆయనను దొంగగా చిత్రిస్తుంది, మరొకటి జనం పాడుకున్న పాట, అది ఆయనను వీరుడిగా నిలుపుతుంది. ఆ పాటను 1874లో జె. ఎ. బాయిల్ ఇండియన్ ఆంటిక్వరీ పత్రికలో ప్రకటించాడు. 1980లో జె. ఎఫ్. రిచర్డ్స్, వెల్చేరు నారాయణరావు ఈ రెండు ఆధారాలను పక్కపక్కన పెట్టి ముఖ్యమైన వ్యాసం రాశారు, 2005లో రిచర్డ్ ఈటన్ దక్కను సామాజిక చరిత్రలో పాపన్నకు ఒక అధ్యాయమే కేటాయించాడు. ఇంత పాండిత్యం వెచ్చించిన తర్వాత కూడా, ఆ పాటను విన్న పల్లె జనం ఏ ఘట్టం దగ్గర గర్వపడ్డారు, ఏ ఘట్టం దగ్గర భయపడ్డారు, పాపన్న కులమైన గౌడ కుటుంబాల వారూ ఇతర కులాల వారూ దాన్ని ఒకే రీతిగా విన్నారా అన్నది పాట మాటల నుంచి ఊహించి చెప్పవలసిన విషయమే అయింది. తాటికొండలోను, ఖిలాషాపూర్‌లోను ఆ కథను శారదకాండ్ర నోట విన్న వృద్ధులను అడగడం ఇప్పటికైనా సాధ్యమే.

జానపద సాహిత్య పరిశోధనకు పునాది వేసిన ఆచార్య బిరుదురాజు రామరాజు 1925లో పుట్టిన దేవునూరు కూడా ఇక్కడికి దగ్గరి ఊరే. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో తెలుగులో తొలి పిహెచ్.డి. పొందిన ఆయన, పట్టాకు తగిన విషయంగా జానపద గేయ సాహిత్యాన్ని ఎంచుకోవడమే ఆ రోజులకు ఒక సాహసం. పాటలను పోగుచేయడమే ఆ తరం ముందున్న మొదటి పని గనుక వారు పాఠం మీద దృష్టి పెట్టడం సహజం, దాన్ని తప్పు పట్టరాదు. ఆ తర్వాతి కాలంలో జీన్ రోఘెయిర్ అలిసెట్టి గాలెయ్య పాడిన పల్నాటి వీరుల కథను రికార్డు చేసి 1982లో పుస్తకంగా తెచ్చినప్పుడు గాయకుడి పేరు, గానపద్ధతి కూడా పుస్తకంలోకి వచ్చాయి. పాఠం చేరింది, గాయకుడు చేరాడు; ఇక చేరవలసింది శ్రోత.

మిగతా సంగీత లోకంతో పోల్చి చూస్తే ఈ లోటు మరింత కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. చెన్నైలో 1928లో ఏర్పడిన మద్రాసు సంగీత అకాడమీ ప్రతి డిసెంబరులో జరిపే కచేరీల గురించి పత్రికలు దశాబ్దాలుగా సమీక్షలు రాస్తున్నాయి. సుబ్బుడు వంటి విమర్శకుడి కలానికి పెద్ద విద్వాంసులు కూడా జంకేవారు. అందువల్ల ఒక విద్వాంసుడు ఏ ఏడాది ఏ రాగాన్ని ఎంత విస్తరించాడో, సభ దాన్ని ఎలా స్వీకరించిందో నేటికీ వెతికి తెలుసుకోవచ్చు. తెలుగు పద్యనాటకానికి ఇంత సమీక్షా సంపద లేకపోయినా, "వన్స్ మోర్" అనే కేక ఉండేది. ఈలపాట రఘురామయ్య, పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి ఆంజనేయరాజు వంటి నటులు ఆ కేక వినగానే పద్యాన్ని మళ్లీ ఎత్తుకునేవారు, ఆ ముచ్చట్లు జ్ఞాపకాల పుస్తకాలలోకి ఎక్కాయి. రాత్రంతా సాగిన ఒగ్గుకథకు మాత్రం మరునాటి పత్రికలో, జాతర వార్త పక్కన, కథ చెప్పారన్న ఒక్క వాక్యం దక్కితే అదే ఎక్కువ. ఒక కళకు సమీక్ష ఉండి మరో కళకు లేకపోవడానికి కారణం కళల స్థాయిలో లేదు, రాసేవారు ఎవరి సభలో కూర్చున్నారన్నదానిలో ఉన్నది.

శ్రోతల జ్ఞాపకం ఇప్పుడే ఎందుకు కావాలన్న ప్రశ్నకు సమాధానం ప్రదర్శనల నిడివిలో దొరుకుతుంది. పట్నం ముందు రాత్రి మొదలై తెల్లవారేదాకా, కొన్నిసార్లు వరుస రాత్రులు, సాగే కథ వేదిక మీదికి వచ్చేసరికి అరగంటకు కుదించుకుపోతుంది. రవీంద్రభారతి వంటి రంగస్థలాలు ఈ కళాకారులకు గౌరవాన్ని, గుర్తింపును ఇచ్చాయి, ఆ మేలును మరవరాదు. అయినా అరగంట ప్రదర్శనలో నిలిచేది దరువు జోరు, దుస్తుల రంగు, గుంపు విన్యాసం, పోయేది నిదానం. ఒక ఘట్టానికి మధ్య ఆగి ఆ ఇంటి పెద్ద పేరును కథలోకి తేవడం, ముందు వరుసలో కునుకుతున్నవారిని మాట కలిపి లేపడం, ఎల్లమ్మ కష్టాలు చెబుతూ గొంతు దించి ఎంతోసేపు దరువు లేకుండానే నడిపించడం, ఇవి వేదిక రికార్డులలో దాదాపుగా దొరకవు. చుక్క సత్తయ్యను వేదికల మీద చూసినవారికీ, కొలుపుల దగ్గర రాత్రంతా విన్నవారికీ తెలిసిన సత్తయ్య ఒకరే అనుకోవడానికి వీలు లేదు. మొదటి సత్తయ్యకు రికార్డులు ఉన్నాయి, రెండో సత్తయ్యకు విన్నవారే ఆధారం. గడ్డం సమ్మయ్య ఐదు దశాబ్దాలకు పైగా 19,000కు మించి ప్రదర్శనలు ఇచ్చారని పద్మశ్రీ ప్రకటన సందర్భంగా కేంద్ర ప్రభుత్వం తెలిపింది. అన్ని రాత్రులకూ విన్నవారు ఉన్నారు, వారిలో యువకులుగా చూసినవారు ఇప్పుడు ముసలివారయ్యారు.

విన్నవారు అనే మాటను ఒకే ముద్దగా తీసుకోకూడదన్నది కూడా శాఖ గమనించవలసిన విషయం. ఊరంతా వచ్చినా ఊరంతా ఒకే చోట కూర్చోలేదు. ఎవరు ముందు, ఎవరు దూరం, ఎవరు అరుగు మీద, ఎవరు చీకట్లో అన్నది కులాన్ని బట్టి, ఆడామగ తేడాను బట్టి నిర్ణయమైన కాలం చాలా పెద్దది. జాంబ పురాణం వంటి చిందు కథను తమ కులపు పుట్టుకగా విన్న మాదిగ శ్రోతకూ, వేడుకగా చూసిన మరొకరికీ చెవిలో పడింది ఒకే గొంతు అయినా మనసులో పడింది ఒకటి కాదు. ఎల్లమ్మ కథను ఆడవారు విన్న తీరు ఎక్కడా సరిగ్గా నమోదు కాలేదు. ఆ కథలో అవమానం పొందేది, నిలబడేది ఒక స్త్రీ గనుక, ఆ మౌనం మిగతా వాటికన్నా బరువైనది. ఈ జనగామ నేల మీదనే 1940లలో తెలంగాణ సాయుధ పోరాట కాలపు పాటలు పుట్టాయి, సుద్దాల హనుమంతు గొల్ల సుద్దుల రూపాన్ని పోరాటానికి వాడుకున్నాడు; ఆ రూపాన్ని అప్పటికే వినడం అలవాటైన శ్రోతలు ఉన్నందువల్లనే కొత్త మాట అంత త్వరగా వారికి చేరింది. శ్రోతలు ఎలా వింటారో తెలిస్తేనే ఆ పాటలు చేసిన పని కూడా అర్థమవుతుంది.

జ్ఞాపకం నమ్మదగినది కాదని, అభిమానులు పెంచి చెబుతారని అభ్యంతరం రావచ్చు. ఆ అభ్యంతరం న్యాయమైనదే, కాని అది సేకరణను ఆపవలసిన కారణం కాదు, జాగ్రత్తగా చేయవలసిన కారణం. ఒకే రాత్రిని విన్న నలుగురిని విడివిడిగా అడిగి, వారి మాటల్లో తేడా వస్తే దాన్ని సరిదిద్దకుండా అలాగే ఉంచితే, నిజంగా జరిగినదేమిటో కొంత, ఎవరు దేనికోసం విన్నారో మరింత తెలుస్తుంది. పొగడ్త ఒక్కటే కాకుండా విసుగు, నిరాశ, అలసట కూడా నమోదు కావాలి. కథ తేలిపోయిన రాత్రి ఎందుకు తేలిపోయిందో చెప్పగల శ్రోత, కథకుడికి కూడా గురువే. ఒక మంచి ఒగ్గు కథకుడు జనం ముఖాలు చూసి కథను పొడిగిస్తాడు, కుదిస్తాడు, మలుపు తిప్పుతాడు. అటువంటప్పుడు ఆ ముఖాల వెనుక ఏముందో అడగకుండా అతని కళను వివరించామనడం కుదరదు.

ఈ పని చేయగలవారు ఊళ్లలోనే ఉన్నారు. స్టేషన్ ఘన్‌పూర్ నుంచి వరంగల్‌కో హైదరాబాద్‌కో రైలెక్కి చదువుకో ఉద్యోగానికో వెళ్లే యువత, సినిమా సంగీత కచేరీకి వెళ్లివచ్చిన రాత్రే ఏ పాట ఎలా పలికింది, గాయకుడు ఎక్కడ శ్రుతి తప్పాడు, శబ్ద పరికరాలు ఎక్కడ పాడు చేశాయి, జనం ఏ పాటకు లేచారు అని మిత్రులతో గంటల కొద్దీ చర్చిస్తున్నారు. వారి తాతలు పట్నం మరునాడు చేసిన పనీ ఇదే. ఫోనులో అరనిమిషం దృశ్యం తీసి పంపే అలవాటు వల్ల మాట తగ్గిందని పెద్దలు బాధపడటం వినిపిస్తున్నా, ఆ యువతకు వినే శక్తి గాని, విన్నదాన్ని విడమరిచే ఆసక్తి గాని తగ్గలేదు. తమ ఇంటి ముందు జరిగే కథ కూడా అటువంటి చర్చకు తగినదని వారికి చెప్పినవారు తక్కువ. తాతను అడిగేందుకు మనుమరాలిని మించిన పరిశోధకురాలు దొరకదు, ఎందుకంటే తాత ఆమెతో పుస్తకాల భాషలో కాకుండా ఇంటి భాషలో మాట్లాడతాడు.

కనుక శాఖను ఈ లేఖ కోరుతున్నది ఇది. ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఒగ్గు, చిందు, బైండ్ల, శారద కథా ప్రదర్శనలను వాటి సహజ స్థలంలో, మొదటి నుంచి చివరి దాకా, జనం సద్దును తీసివేయకుండా రికార్డు చేయించాలి. కళాకారులకు చెల్లించే పారితోషికం అరగంట వేదిక లెక్కన కాకుండా రాత్రి లెక్కన ఉండాలి. ప్రతి రికార్డుతో పాటు, ఆ రాత్రి విన్న ఆడవారిని, మగవారిని, వేర్వేరు కులాల, వయసుల వారిని మరునాడే అడిగి వారి మాటలను వారి మాండలికంలోనే రాయించాలి. గతంలో విన్నవాటిని చెప్పగల వృద్ధుల దగ్గరికి ముందుగా వెళ్లాలి, ఎందుకంటే ఈ పనిలో ఆలస్యాన్ని సరిచేసే మార్గం లేదు. ఈ సేకరణ చేసే స్థానిక విద్యార్థులకు శిక్షణ, వేతనం రెండూ ఇవ్వాలి. చెప్పినవారి అనుమతి లేకుండా ఒక్క మాట కూడా బయట పెట్టకూడదు, పేరు వద్దన్నవారి పేరు రాయకూడదు. శిక్షణ విషయంలో వరంగల్‌లోని తెలుగు విశ్వవిద్యాలయం జానపద గిరిజన విజ్ఞాన పీఠం అనుభవాన్ని ఉపయోగించుకోవడం మంచిది.

సేకరించినది రాజధానిలోని బీరువాలో ఆగిపోకూడదన్నది ఈ విన్నపంలో ముఖ్యభాగం. ఒక ప్రతి పీఠంలో, ఒక ప్రతి ఆ మండలపు గ్రంథాలయంలో, ఒక ప్రతి పాడిన బృందం ఇంట్లో ఉండాలి. తమ గురించి విన్నవారు ఏమనుకున్నారో తెలుసుకునే హక్కు మొదట కళాకారులకు ఉన్నది. తరువాతి తరం కథకుడు నేర్చుకోవడానికి గురువు పాఠం ఎంత అవసరమో, గురువును విన్న ఊరి తీర్పు కూడా అంత అవసరం.

మల్లన్న పట్నాలు, జాతరలు సంక్రాంతి నుంచి ఉగాది దాకా ఐనవోలులో, కొమురవెల్లిలో, వాటి చుట్టుపక్కల పల్లెల్లో ముమ్మరంగా సాగుతాయి. రాబోయే సంక్రాంతికి ముందే స్టేషన్ ఘన్‌పూర్, లింగాల ఘన్‌పూర్, దేవరుప్పుల, పాలకుర్తి మండలాలలో ఈ సేకరణను మొదలుపెట్టవలసిందిగా, అందుకు అవసరమైన ఉత్తర్వులు, నిధులు ఆ లోపే విడుదల చేయవలసిందిగా శాఖవారిని ఈ ప్రాంత శ్రోతల పక్షాన ఈ లేఖ వినయంగా కోరుతున్నది.